ఇంగువ బావి

తుమ్మలగడ్డ రాజు వీరప్ప భూపతికి ఒకరోజు పొద్దున్నే ఓ కోరిక పుట్టింది. తన ఊళ్లో అన్నిటికంటే మంచి నీళ్లున్న బావికి బిరుదు ఇవ్వాలి. దాన్ని తవ్వించినవాడికి ముత్యాలహారం వెయ్యాలి.

"ఇంకెందుకు ప్రభూ వెతకడం? గాజులవీధి బావి ఉంది కదా! నేను దగ్గరుండి తవ్వించాను" అన్నాడు మంత్రి పురుషోత్తముడు. హారం అప్పుడే తన మెడలో పడ్డట్టు ఉత్తరీయం సర్దుకున్నాడు కూడా.

సభలో రాజును నవ్వించే మల్లుభట్టుకి ఆ రోజు నవ్వు రాలేదు. అతని ఇల్లు గాజులవీధిలోనే. కూతురు నాంచారికి మూడోసారి విరేచనాలు పట్టుకున్నాయి. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒకరో ఇద్దరో మంచం పట్టారు.

"ఆ బావి నీళ్లు తాగే మా వీధి పడకేసింది ప్రభూ. మంత్రిగారి మరుగుదొడ్డి గుంట బావికి ఎగువన ఉంది. అందులోది ఇందులోకి ఊరుతోంది" అన్నాడు.

మంత్రి ముఖం కందగడ్డలా అయింది. "నడుమ రాతిగోడ కట్టించాను. చీమ దూరదు! పిల్లలు పచ్చి మామిడికాయలు తిని, నా బావి మీద పెడతారా?"

"అయితే గుంట పక్కన తవ్వి చూద్దాం."

"మంత్రి ఇంట్లో గునపం దింపుతావా? ఎంత ధైర్యం!"

రాజుకు తగవులంటే సరదా. "తవ్వడాలు వద్దు. మల్లూ, వారంలో రుజువు చెయ్యి. చేస్తే హారం నీకు. చెయ్యలేకపోతే సగం మీసం గొరిగించుకుని ఊరంతా తిరగాలి."

మల్లుభట్టు మీసం తడుముకుంటూ ఇంటికెళ్లాడు.

భార్య లచ్చమ్మ పొయ్యి దగ్గర కూతురికి జావ కాస్తూ సంగతంతా వింది. "నవ్వించడానికి వెళ్లి మీసం పందెం కాసి వచ్చారా? ఇక్కడ పిల్ల నిలబడలేకపోతోంది" అంది. "గోడలో కన్నం ఉందో లేదో తవ్వకుండా ఎవరికి తెలుస్తుంది? ఇదేమన్నా ఇంగువా, ఏ మూల దాచినా వాసన బయటికి రావడానికి?"

మల్లుభట్టు లేచి నిలబడ్డాడు. "లచ్చీ, ఈ వారం మనవాళ్లెవరూ ఆ బావి నీళ్లు ముట్టకూడదు. కోటబావి నుంచి తెచ్చుకుని, కాచి తాగమని ఇంటింటికీ చెప్పు."

మర్నాడు అతను రాజును రెండు కోరికలు కోరాడు. బావిలో ఎవరూ ఏమీ వెయ్యకుండా మంత్రిగారి మనుషుల్నే కాపలా పెట్టాలి. వంటశాలలోని ఇంగువ మొత్తం తనకివ్వాలి. రాజు ఒప్పుకున్నాడు. మొదటి కోరిక విని మంత్రి కూడా సంతోషించాడు. రెండోది అతని దాకా వెళ్లలేదు.

ఆ రోజు నుంచి మల్లుభట్టు రోజూ మంత్రి ఇంటికి వెళ్లసాగాడు. వినయంగా కూర్చునేవాడు. కాసేపటికి పొట్ట పట్టుకుని, "మంత్రిగారూ, కొంచెం దొడ్లోకి వెళ్లొస్తాను" అనేవాడు. పైపంచె కింద ఏదో మూటతో వెళ్లి, తేలిగ్గా తిరిగొచ్చేవాడు.

"భయం కడుపులోకి దిగింది పాపం" అని మంత్రి భార్యతో చెప్పి మురిసిపోయాడు.

గడువు రోజు వచ్చింది. కాపలావాళ్లు బావి నీళ్లు కడవతో తోడి సభకు తెచ్చారు. మూత తియ్యగానే రాజు ముక్కు ఎగబీల్చాడు.

"ఇదేమిటయ్యా? నీళ్లా, పులిహోరా?"

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంత్రి చూపు ఎదురుగా పళ్లెంలో మెరుస్తున్న హారం మీద పడింది.

"అదే ప్రభూ నా బావి మహిమ! భూమిలోని ఓషధులన్నీ ఇందులోకి దిగాయి. అజీర్తికి ఇంతకు మించిన మందు లేదు."

రాజు చెంబు అందుకోబోయాడు. మల్లుభట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందు తవ్వించినవారు రుచి చూడటం మర్యాద."

మంత్రి దర్జాగా చెంబెడు తాగాడు. "అమృతం!" అని ఇంకో చెంబు ముంచుకున్నాడు.

"మంత్రిగారూ, కాపలా మీవాళ్లదే కదా? బావిలో ఎవరూ ఏమీ వెయ్యలేదు కదా?"

"ఈగ కూడా వాలలేదు!"

"అయితే ఈ వాసన మీ చలవేనంటారు?"

"నా చలవ కాక నీ చలవా? అంతా మా ఇంటి నేలలోంచి వచ్చిందే!" అంటూ మంత్రి రెండో చెంబు కూడా ఖాళీ చేశాడు.

మల్లుభట్టు రాజు వైపు తిరిగి నమస్కరించాడు.

"నిజమే ప్రభూ, అక్కణ్ణుంచే వచ్చింది. వంటశాల ఇంగువంతా ఈ వారం రోజులూ మంత్రిగారి మరుగుదొడ్డి గుంటలోనే వేశాను."

మంత్రి చేతిలో చెంబు ఠంగుమని కిందపడి దొర్లింది.

"నీళ్లు! పుక్కిలించడానికి నీళ్లు!" అని అరిచాడు మంత్రి.

నౌకరు కంగారుగా పరిగెత్తి, దగ్గరున్న కడవలోంచే ఇంకో చెంబు ముంచి తెచ్చాడు.

రాజు నవ్విన నవ్వుకి తలపాగా ఊడి ఒళ్లో పడింది. దాన్ని అక్కడే వదిలేసి లేచాడు. "ఆ గుంట ఇవాళే పూడ్చెయ్యాలి. కొత్తది ఊరికి దిగువన, బావులకు దూరంగా. గాజులవీధికి కొత్త బావి మంత్రిగారి ఖర్చుతో" అని చెప్పి, ముత్యాలహారం తన చేత్తో మల్లుభట్టు మెడలో వేశాడు.