డప్పు వినిపించినంత మేర

ఎర్రవాగు ఎండిపోయే రోజుల్లో ఏటా ఒక్కసారి, చుట్టుపక్కల జంతువులన్నీ ఆ ఇసుకలోకి దిగి జాతర చేసుకునేవి. నడి వాగే వీధి. ఆ వీధి నిండా చిందులు, రంగులు, కేకలు, తోపులాటలు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు వాలేదాకా మూడు ఎలుగుబంట్లు వంతులేసుకుని డప్పు కొట్టేవి.

అంత గోలలోనూ ఉన్నది ఒకటే కట్టుబాటు. డప్పు వినిపించినంత మేర ఎవరూ ఎవర్నీ తినకూడదు. ఆ ఒక్కరోజు చిరుతపులి పక్కన దుప్పి నిలబడి చిందు చూసినా, పిల్లి వీపెక్కి ఎలుక తల ఊపినా, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. మాట తప్పినవాళ్ళ సంగతి ఏనుగు పెద్దమ్మ చూసుకునేది.

బొల్లి అనే గొర్రె ఈ జాతరని మూడేళ్ళుగా చెవులతోనే చూస్తోంది. గట్టు మీద మేస్తున్నప్పుడు ఆ చప్పుడు వినిపిస్తే చాలు, నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయేది, కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. నాలుగో ఏడు ఇక ఆగలేక, అదే దొడ్లో ఉండే మేక కొండమ్మ వెంటపడింది. వాళ్ళిద్దరూ వదినా మరదళ్ళ వరస.

"ఒక్కసారి చూసొచ్చేద్దాం వదినా. పొద్దు వాలేలోగా దొడ్లో ఉందాం."

"తోసుకుంటారట, తొక్కుకుంటారట. మనకెందుకొచ్చిన తంటా?" అంది కొండమ్మ.

"నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను."

"పోతావు. అదే నా భయం," అని నిట్టూర్చి కొండమ్మ లేచింది.

వాగులోకి దిగే రేవు దగ్గర ఒక గుంటనక్క తల వంచుకుని రాతి మీద కూర్చుని ఉన్నాడు. పేరు తిమ్మన్న. వచ్చేపోయేవాళ్ళందరికీ దణ్ణాలు పెడుతున్నాడు.

"మొదటిసారా తల్లీ?" అని అడిగాడు బొల్లిని.

"మీకెలా తెలిసింది బాబాయ్?"

"నీ కాళ్ళే చెబుతున్నాయి. పాతవాళ్ళు ఇసుకలో దూకుతారు, కొత్తవాళ్ళు తడిమి తడిమి చూస్తారు. ఒక్క నిమిషం ఆగండి, నాలుగు మంచి ముక్కలు చెబుతా. ఏటా ఎంతమంది కొత్తవాళ్ళు ఈ గుంపులో నలిగిపోతారో చూస్తూ ఊరుకోలేక ఇక్కడ కూర్చుంటాను. ఊరికే చెబుతా, నాకేమీ ఇవ్వక్కర్లేదు."

కొండమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. బొల్లి మాత్రం చెవులు రిక్కించింది.

"కడుపులో ఏమైనా వేసుకుని వచ్చారా? మంచిది. ఖాళీ కడుపుతో ఆ ఎండలోకి దిగితే కళ్ళు తిరుగుతాయి. మేకమ్మా, మెడలో ఆ గంట తీసేసి ఈ పొదకి తగిలించు. తోపులాటలో తాడు దేనికైనా చిక్కుకుంటే పీక బిగుస్తుంది. ఇక కోతులు రంగు పోస్తాయి. అరిచారో, ఇంకో కుండ పోస్తాయి. కళ్ళు మూసుకుని తల వంచితే వాటికే విసుగేసి పోతాయి. గుంపు ఎటు పోతే అటే పోవాలి, ఎదురు పోకూడదు. బయటికి రావాలంటే ఏరు ఈదినట్టు ఏటవాలుగా అంచుకి రావాలి. కింద పడ్డారనుకో, అక్కడే లేవబోకండి. ముందు పక్కకి దొర్లండి, తరువాత లేవండి. అడవిపందుల మేళం వస్తుంటే దారి ఇవ్వడం తప్ప వేరే ఉపాయం లేదు."

తిమ్మన్న ఊపిరి తీసుకుని, గొంతు మరికాస్త తగ్గించాడు.

"అన్నిటికంటే ముఖ్యమైంది చివర్లో చెబుతున్నా. ఒకవేళ తప్పిపోతే ఒకరినొకరు వెతుక్కోవద్దు. వెతుక్కునేవాళ్ళు పొద్దు గుంకేదాకా ఒకరి వెనక ఒకరు తిరుగుతూనే ఉంటారు. ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోవాలి. అదిగో, బోడిగుండు అనే ఆ పెద్ద బండ వెనక పల్లం ఉంది. నీడ, చలవ. ఈ గోల ఒక్క పిసరు వినబడదు. ఎవరు తప్పిపోయినా సరాసరి అక్కడికే వచ్చేయండి."

"ఎంత మంచివాడో చూశావా," అంది బొల్లి రేవు దిగుతూ.

"నక్క వినయం అంటారు, విన్లేదూ," అంది కొండమ్మ. కానీ గంట మాత్రం తీసి పొదకి తగిలించి వచ్చింది.

వీధిలో అడుగు పెట్టగానే బొల్లికి నేల అదిరినట్టయింది. డప్పు దెబ్బ చెవుల్లోంచి కాదు, గిట్టల్లోంచి పైకి పాకుతోంది. ముందు దున్నలు, వెనక దుప్పులు, పక్కన ఒక ముళ్ళపంది ఎవరికీ తగలకూడదని ముళ్ళన్నీ అణుచుకుని నడుస్తోంది. చెట్టు కొమ్మ మీంచి కోతులు పసుపు నీళ్ళు గుమ్మరించాయి. బొల్లి కళ్ళు మూసుకుని తల వంచింది. ఒక్క కుండతో వదిలేశాయి. పక్కనున్న లేడి కెవ్వుమంది, దానికి నాలుగు కుండలు పడ్డాయి.

"బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం వదినా."

"నిజమే," అని ఒప్పుకుంది కొండమ్మ.

మరికాసేపటికి బొల్లి నిజంగానే కింద పడింది. పక్కకి దొర్లింది, లేచింది, ఒంటి మీద గీత కూడా పడలేదు. ఇక తిమ్మన్న మాట వేదమైపోయింది ఇద్దరికీ. జాతరలో కొత్త భయం కాస్త వదిలి, కొండమ్మ కూడా రెండు గంతులు వేసింది.

అప్పుడొచ్చింది అడవిపందుల మేళం. నలభై పందులు ఒకేసారి ముట్టెలు దించుకుని వీధి చీల్చుకుంటూ వచ్చాయి. కొండమ్మ ఎడమ గట్టుకి దూకింది, బొల్లిని గుంపు కుడి గట్టుకి ఈడ్చుకుపోయింది. మేళం పోయి దుమ్ము అణిగేసరికి అవతల గట్టున కొండమ్మ లేదు.

వెతకొద్దన్న మాట బొల్లికి గుర్తుంది. అయినా మనసు ఊరుకోలేదు. నల్లటి వీపు కనిపించిన ప్రతిచోటికీ తోసుకుని వెళ్ళింది. ఒకటి ఎలుగు, ఒకటి దున్నదూడ, ఒకటి ఊరకుక్క. గుంపుకి ఎదురు పోయి రెండుసార్లు కాళ్ళ కింద నలిగింది. పొద్దు పడమటికి తిరుగుతోంది. గొంతు ఎండింది. డప్పు మోత గుండెలో మోతతో కలిసిపోయి ఏది ఏదో తెలియడం లేదు. చివరికి ఏటవాలుగా అంచుకి ఈదినట్టు వచ్చి, గట్టెక్కి, బోడిగుండు దారి పట్టింది. వదిన తెలివైంది, ఈపాటికి అక్కడే ఉండి ఉంటుంది.

గుండు దగ్గరయ్యే కొద్దీ చెవుల్లో రొద తగ్గుతూ వచ్చింది. ఎంత హాయి అనుకుంది బొల్లి. మలుపు తిరిగింది. తన గిట్టల చప్పుడు తనకే వినిపించింది. ఇంకో పదడుగులు వేసేసరికి ఎక్కడో కీచురాయి కీచుమంటోంది.

బొల్లి నిలబడిపోయింది.

కీచురాయి వినబడుతోందంటే డప్పు వినబడటం లేదు.

గోల ఒక్క పిసరు వినబడదు అని నక్క తన నోటితోనే చెప్పాడు. విన్నారు, సంతోషించారు కూడా. అన్ని నిజాలు చెప్పింది ఈ ఒక్క మాట నమ్మించడానికే.

బండ చాటు నుంచి తొంగి చూసింది. పల్లం మూడు వైపులా నిట్టనిలువు రాయి. లోపల కొండమ్మ గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది. బయటికొచ్చే సందుకి అడ్డంగా తిమ్మన్న పడుకుని ఉన్నాడు. పక్కన ముళ్ళకంపకి పాత బొచ్చు తుంపులు వేలాడుతున్నాయి.

"నేను పోతాను బాబాయ్. వీధిలోనే వెతుక్కుంటాను," అంటోంది కొండమ్మ.

"కంగారెందుకు తల్లీ. మీ మరదలు వచ్చేస్తుంది. ఇద్దరూ ఒకేసారి పోదురుగాని," అన్నాడు తిమ్మన్న. మాట కొండమ్మతో, చూపు దారి మీద. ఒకదాని మీద పడితే రెండోది బెదిరి పారిపోతుందని వాడి లెక్క.

బొల్లి కాళ్ళు ఇంటివైపు తిరిగాయి. పారిపోతే ఎవరూ తప్పు పట్టరు. కానీ రానంటే రానన్నదాన్ని లాక్కొచ్చింది తనే. ఆ కాళ్ళని బలవంతాన వెనక్కి తిప్పి, తిమ్మన్నకి అందనంత దూరంలో దారి మధ్యకి వచ్చి నిలబడింది.

"బాబాయ్, మీరు చెప్పిన చోటు ఇదేనా?"

"ఇదే తల్లీ, ఇదే. రా, దిగు."

"వస్తాను. నాతో ఇంకొందరు కొత్తవాళ్ళున్నారు. మీరు చెప్పినవన్నీ చెబితే, వాళ్ళు కూడా ఇక్కడికే వస్తామన్నారు. దారి తెలియక మలుపు అవతల ఆగిపోయారు. పిలుచుకు రానా?"

తిమ్మన్న నోట్లో నీళ్ళూరాయి. గుటక వేశాడు. "ఎంతమంది?"

"నేను లెక్కపెట్టలేదు. కుందేళ్ళున్నాయి, ఒక లేగదూడ కూడా ఉంది."

"పాపం, ఎండలో నిలబెట్టావా వాళ్ళని? తొందరగా పిలుచుకురా."

"వదినా, నేను వచ్చేదాకా నువ్వు బాబాయ్‌తో కబుర్లు చెబుతూ ఉండు," అంది బొల్లి. కొండమ్మకి సంగతి అర్థమైంది. తిమ్మన్న వైపు తిరిగి, "మీకెంతమంది పిల్లలు బాబాయ్," అని మొదలుపెట్టింది.

మలుపు తిరిగేదాకా నడిచి, తిరిగాక బొల్లి పరుగు తీసింది. వాగులోకి దూకి కనిపించిన ప్రతివాడినీ బతిమాలింది. "మా వదినని నక్క పట్టుకున్నాడు, రండి." ఆ మోతలో ఎవరికి వినబడుతుంది? దున్న చిందేస్తూనే పోయింది. లేళ్ళు నవ్వి తప్పుకున్నాయి. ఏనుగు పెద్దమ్మ వీధికి ఆ చివర, అందనంత దూరంలో ఉంది. కోతులు ఇంకో కుండ పోశాయి.

రంగు కారుతున్న కళ్ళతో బొల్లి ఒక్క క్షణం ఆగింది. మందలో పుట్టి మందలో పెరిగింది. గుంపు మాట విని కదలదని దానికి తెలుసు. ఎదుటివాడి కాళ్ళు చూసి కదులుతుంది. మొదటి గొర్రె ఉత్తి నేల మీద ఎగిరి దూకినా, వెనకున్న నూరూ అక్కడే ఎగిరి దూకుతాయి. గొర్రె దాటు అని ఊరంతా నవ్వేది దానికే.

దుప్పుల నడుమకి దూరి గట్టువైపు ఎగిరి దూకింది. "అయిపోతోంది, అయిపోతోంది. తొందరగా రావాలి," అని అరుస్తూ బోడిగుండు వైపు పరుగెత్తింది.

"ఏమిటట?" అంది ఒక దుప్పి.

"ఏమో. అయిపోతోందట," అంది ఇంకొకటి, అప్పటికే పరుగెడుతూ.

దుప్పుల్ని చూసి లేళ్ళు, లేళ్ళని చూసి దున్నలు కదిలాయి. బెల్లం అన్నారెవరో. ఎలుగు పెళ్ళి అన్నారు ఇంకెవరో. అడవిపందులు ఏమీ అడగలేదు, ముట్టెలు దించి అందరికంటే ముందుకొచ్చాయి. వీధి ఖాళీ అయ్యేసరికి డప్పు కొట్టే ఎలుగుబంట్లు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. వినేవాళ్ళు లేని డప్పు ఎవరికోసం? మెడకి తగిలించుకుని వాయిస్తూనే వెంటపడ్డాయి. జాతర ఎటు పోతోందో చూద్దామని ఏనుగు పెద్దమ్మ కూడా బయలుదేరింది.

పల్లంలో తిమ్మన్నకి దూరంగా ధన్ ధన్‌మని వినిపించింది. ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఉన్న ఒక్కదాన్నైనా దక్కించుకుందామని కొండమ్మ మీదకి ఉరికాడు. కొండమ్మ కొమ్ములు అడ్డం పెట్టింది, కొమ్ము వాడి మూతికి గీసుకుంది. రెండో ఉరుకులో మెడ పట్టు దొరికింది. సరిగ్గా అప్పుడే బోడిగుండు మలుపు తిరిగి జాతర మొత్తం పల్లంలోకి ఒలికింది, డప్పుతో సహా.

తొక్కుకుంటూ వచ్చిన గుంపు ముందు వరసలో ఆగిపోయింది. వెనకవాళ్ళు వాళ్ళని గుద్దుకున్నారు. బెల్లం లేదు, పెళ్ళి లేదు. మేక మెడ నోట్లో పెట్టుకుని ఒక నక్క నిలబడి ఉన్నాడు. ఎలుగుబంట్లు మాత్రం డప్పు ఆపలేదు.

ఏనుగు పెద్దమ్మ దారి చేసుకుంటూ వచ్చి, తొండం కిందికి దించింది.

"తిమ్మన్నా, డప్పు వినిపిస్తోందా?"

నోరు తెరిస్తే మేక పోతుంది. తెరవకపోతే పెద్దమ్మకి జవాబు లేదు. తిమ్మన్న అటు చూశాడు, ఇటు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వినిపిస్తోంది పెద్దమ్మా," అన్నాడు.

కొండమ్మ జారి, పక్కకి దొర్లి, లేచి బొల్లి దగ్గరికి వచ్చింది. మెడ మీద రెండు పళ్ళ గాట్లు, కాస్త నెత్తురు. కొండమ్మ బొల్లి ముఖం మీద పసుపు నాలుకతో తుడుస్తూ, "వణక్కు. ఉన్నాను," అంది.

"డప్పు వినిపించీ పట్టు పట్టావు కాబట్టి, ఇక డప్పు నీకు కాపలా కాయదు," అంది పెద్దమ్మ తిమ్మన్నతో. "ఈ మేర దాటి నీ దారిన పో."

దారికి అటూ ఇటూ రేచుకుక్కలు బారులు తీరాయి. వాటి వెనక చిరుతపులి తీరిగ్గా ఒళ్ళు విరుచుకుంది. "ఒక్కడివే పోతావెందుకు, తోడొస్తాను," అంది.

"నేనెంతమందికి మంచి మాటలు చెప్పాను పెద్దమ్మా. రంగు పోస్తే తల వంచమన్నాను, పడితే దొర్లమన్నాను. అవన్నీ అబద్ధాలా?"

"నిజాలే. అవి మేం ఉంచుకుంటాం. నువ్వు పో."

తిమ్మన్న రెండడుగులు మర్యాదగా నడిచాడు. మూడో అడుగు నుంచి పరుగే. రేచుకుక్కలు వాడికి కాస్త దూరం ఇచ్చి లేచాయి, దుమ్ము కొండ దాకా పోయింది. పొద్దు వాలకముందే బొల్లీ కొండమ్మా దొడ్లో ఉన్నారు. తిమ్మన్న మళ్ళీ ఏ రేవు దగ్గరా కనబడలేదు. బతికే ఉన్నాడని, తోక మాత్రం లేదని కాకులు చెప్పుకున్నాయి.

ఊరికే సలహా చెప్పేవాడి నోరు వినేముందు, వాడి కడుపు చూడాలి.