పదహారు కోర్లకి పదకొండు శాలువాలు

పదకొండు, అమ్మడూ. పన్నెండు కాదు. పన్నెండోది ఉంది గానీ అది దాని మీద పడలేదు. దాని సంగతి చివర్న చెప్తాను. మీ నాన్న కూడా చివర్నే చెప్పేవాడు.

ఫోన్లో ఎర్రగా వెలుగుతుంది, అంటే నా మాట అందులోకి ఎక్కుతున్నట్టే కదా. సరే.

ఒకానొక రాజ్యంలో అనే మొదలెట్టేవాడు. ఏ రాజ్యంరా తమ్ముడూ అంటే, కరెంటు ఉన్న రాజ్యం అక్కా అనేవాడు. కొట్లో పాత కంప్యూటర్లు విప్పుతా, స్క్రూలు నోట్లో పెట్టుకుని చెప్పేవాడు. సగం మాటలు స్క్రూల మధ్యనుంచే వచ్చేవి. నాకు చదువు లేదు కదా, వాడెలా చెప్పాడో నేనూ అలాగే చెప్తాను.

ఆ రాజ్యానికి చండప్రతాపుడని ఒక రాజు. ఆయనకి అన్నీ అందరికంటే పెద్దవి కావాలి. మీసం పెద్దది. గొడుగు పెద్దది. గొడుగు ఎంత పెద్దదంటే గుమ్మంలో పట్టదు, అందుకని వానొస్తే ఆయన బయటే నిలబడేవాడంట.

ఆయన కొలువులో యంత్రభూషణం అని ఒక పండితుడు. యంత్రాల గురించి ఆయన చెప్పిందే వేదం. జన్మలో ఒక్క కంప్యూటర్ డబ్బా మూత విప్పిన పాపాన పోలేదు గానీ, అట్టపెట్టె మీద రాసిన అంకెలు మాత్రం రాగం తీసి చదివేవాడు.

ఈయన ఓ రోజు ఎక్కడినుంచో ఒక కంప్యూటర్ తెప్పించాడు. పదహారు కోర్లది. కోర్లంటే డబ్బా లోపల పనిచేసే కూలీలు అక్కా అని చెప్పేవాడు మీ నాన్న. పదహారు కోర్లంటే పదహారుమంది కూలీలు. రాజుగారి ఆనందం ఇంతా అంతా కాదు. పొద్దున్నే దాని ముందు కూర్చుని ఏం చేసేవాడంటే, పేకాట. ఒక్క ముక్క తిప్పడానికి పదహారుమంది కూలీలు.

అక్కడితో ఊరుకుంటే ఆయన భూషణం ఎందుకవుతాడు.

"ప్రభూ, కోటలో ఇంతటిది పెట్టుకుని, ఊళ్ళో జనం రెండు కోర్లవీ నాలుగు కోర్లవీ వాడుతుంటే తమ పరువేం కాను" అన్నాడు.

రాజు మీసం తిప్పాడు. ఎనిమిది కోర్లకి తక్కువున్న డబ్బాలన్నీ దసరా మర్నాడు కోట ముందుకి తేవాలి, ఏనుగు చేత తొక్కించేస్తాం అని దండోరా వేయించాడు.

కోట గుమ్మం పక్కనే గవర్రాజు కొట్టు. వాడు ఊళ్ళోవాళ్ళకి అర్జీలు టైపు కొట్టిపెట్టేవాడు. కాలవ నీళ్ళు రాలేదనీ, గట్టు తెగిందనీ, పక్కోడు చేను కలిపేసుకున్నాడనీ. వాడి డబ్బా రెండు కోర్లది, కొత్తలో కూడా చవకరకమే. అయినా అది పోతే గవర్రాజుకి కూడు పోవడం ఒక్కటే కాదు, ఊరికి నోరు పోయినట్టు. ఆ వారం వాడి దగ్గర కాలవ అర్జీలే నలభై ఉన్నాయంట, ఇంకా కొట్టాల్సినవి.

గవర్రాజు సాయంత్రాలు కొలువుకెళ్ళి రాజుగారిని నవ్వించేవాడు కూడా. అందుకని కోటలో వాడికి అడ్డు లేదు. దండోరా విన్నాడు, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాడు.

"ప్రభూ, నా డబ్బాని వదిలెయ్యండి" అన్నాడు.

"ఎన్ని కోర్లు" అన్నాడు భూషణం.

"రెండండి."

కొలువంతా నవ్వింది. భూషణం వాళ్ళు నవ్వడం అయ్యేదాకా ఆగి, "రెండు కోర్లతో ఏం చేస్తావయ్యా" అన్నాడు.

"అర్జీలు కొడతానండి."

"అదే పదహారు కోర్లయితే?"

"అప్పుడూ అర్జీలే కొడతానండి. నా వేళ్ళు పదే కదండి."

రాజు మీసం చాటున నవ్వాడు. భూషణానికి కాలింది. ఇదిగో, ఈ ముక్క మీ నాన్నకి బాగా ఇష్టం, ఇక్కడ స్క్రూలు నోట్లోంచి తీసి చెప్పేవాడు.

భూషణం అడిగాడంట, "సరే, నువ్వంత తెలిసినవాడివైతే చెప్పు. ఒకే ఏడాది వచ్చిన చవక డబ్బాలు రెండున్నాయి. ఒకదాంట్లో చురుకైన కోర్లు రెండు. ఇంకోదాంట్లో నిదానం కోర్లు నాలుగు. రెండింటికీ ఖరీదు ఒకటే. ఏది మేలు?"

"ఎవరికండి?" అన్నాడు గవర్రాజు.

"ఎవరికేంటి? ఏది మేలో చెప్పవయ్యా."

"ఎవరికో తెలియకుండా ఎలా చెప్తామండి. ఉత్తరం పట్టుకెళ్ళాలంటే చురుకైనోడు ఒక్కడు చాలు. వాడి వెనకాల పదిహేనుమందిని పంపినా వాళ్ళు ఊరికే నడుస్తారు, ఉత్తరం తొందరగా వెళ్ళదు. పల్లకీ మొయ్యాలంటే మటుకు ఎంత చురుకైనోళ్ళయినా ఇద్దరు చాలరు, నిదానంగా నడిచే నలుగురు కావాలి. నా కొట్టుకి ఎవరొచ్చినా ముందు పనేంటని అడుగుతానండి. ఖరీదు తర్వాత."

మీ నాన్న కూడా అంతే కదా. బేరానికొచ్చినోళ్ళు ఎంత అంటే, దేనికి అనేవాడు. సగంమంది వీడికి చాదస్తమని వెళ్ళిపోయేవాళ్ళు.

భూషణం రాజు వైపు తిరిగాడు. ఏమనాలో తోచనప్పుడు పెద్దోళ్ళు పందెం కడతారు.

"ప్రభూ, రేపు ఆయుధపూజ. తమ ఊరేగింపు వీడియో మొత్తం, మూడు రోజులది, సాపుచేసి పాటా పేర్లూ తగిలించి తయారుచెయ్యాలి. రెండు డబ్బాలకీ అదే పని. ఏది ముందు ముగిస్తే అది ఉంటుంది, రెండోది ఏనుగు కిందకి" అన్నాడు.

అది పల్లకీ పనమ్మా, ఉత్తరం పని కాదు. గవర్రాజుకి తెలుసు. తన డబ్బాకి పొద్దున మొదలెడితే దీపాలు పెట్టేవేళవుద్ది. రాజుగారిదానికి తాంబూలం నమిలేలోపు అయిపోద్ది. తెలిసే ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఎటూ ఏనుగే కదా.

ఇంటికెళ్ళి డబ్బా మూత తీశాడు. బ్రష్షుతో దుమ్మంతా దులిపాడు. ఆ చిప్పుకీ దాని మీదుండే ఫ్యానుకీ మధ్యన పేస్టు రాస్తారు చూడు, వేడి లాగడానికి, అది ఎండి పెచ్చులయిపోతే గోకేసి ఆవగింజంత కొత్తది పెట్టాడు. వాడు చేసిందంతా అంతే.

మర్నాడు కొలువులో రెండు డబ్బాలూ పెట్టారు. రాజుగారిది వెండిపీట మీద. గవర్రాజుది నేల మీద, ఒక పక్క మూత ఊడదీసి. జనం కిక్కిరిసిపోయారు. పూజ అయ్యింది, పసుపూ కుంకం పెట్టారు. ఇక మొదలెట్టండి అన్నాడు రాజు.

గవర్రాజు చెయ్యెత్తాడు.

"ప్రభూ, ఒక్క మాట. ఇంత మహాయంత్రం కొలువుకొచ్చి ఇన్నాళ్ళయ్యింది, ఒక సన్మానం లేదు. సన్మానం చెయ్యకుండా పని చెప్పడం మన రాజ్యానికి మర్యాదేనాండి?"

అని, తన భుజం మీదున్న పాత శాలువా తీసి దాని మీద కప్పి దణ్ణం పెట్టాడు.

అంతే. మహామంత్రి చూశాడు. అర్జీలు కొట్టేవాడు కప్పి నేను కప్పకపోతే ఏం బాగుంటుందని లేచి తన పట్టుశాలువా కప్పాడు. మంత్రి కప్పాక సేనాపతి ఊరుకుంటాడా? సేనాపతి కప్పాక కోశాధికారి. ఆస్థాన వైద్యుడు వెనకబడిపోయానని పరిగెత్తుకుంటూ వచ్చాడంట. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, అందరి కంటే ఆఖర్న భూషణం, అరచెయ్యి వెడల్పు జరీ ఉన్నది, నాలుగు మడతలు వేసి మరీ కప్పాడు. మొత్తం పదకొండు.

ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. సన్మానంలో కప్పిన శాలువా కార్యం అయ్యేదాకా తియ్యకూడదు. తీస్తే కప్పినోణ్ణి అందరి ముందూ అవమానించినట్టే.

మొదలెట్టారు. పదహారు కోర్లది ఒక్క ఊపున లేచింది. రాజు తాంబూలం నోట్లో పెట్టుకున్నాడు. లోపల ఫ్యాను ముందు గాలి పట్టినట్టు, తర్వాత ఏడ్చినట్టు, ఆ తర్వాత తుమ్మెద గొంతులో ఇరుక్కున్నట్టు మోగింది. టప్ మని ఆగిపోయింది.

"కరెంటు" అన్నాడు భూషణం.

గవర్రాజుది నడుస్తానే ఉంది.

మళ్ళీ వేశారు. మళ్ళీ ఆగింది. "దిష్టి" అన్నాడు భూషణం. ఎండుమిరపకాయలు తెప్పించి దిగదుడిపించాడు. మళ్ళీ వేస్తే ఈసారి తాంబూలం నమలక ముందే ఆగింది. పట్టు మీద చెయ్యి పెట్టిన బంటు చెయ్యి వెనక్కి లాక్కున్నాడంట, అట్లకాడ పట్టుకున్నట్టు. అయినా ఎవరూ శాలువా తియ్యరు. మంత్రి సేనాపతిది తీస్తే గొడవ, సేనాపతి మంత్రిది తీస్తే గొడవ.

గవర్రాజు తన డబ్బా పక్కన మఠం వేసుకుని విసనకర్రతో విసురుతా కూర్చున్నాడు. మధ్యాహ్నం అయ్యింది. అన్నం క్యారేజీ తెచ్చుకుని తిన్నాడు. ఒక చేత్తో తింటా ఇంకో చేత్తో విసురుతా. దీపాలు పెట్టేవేళకి, ప్రభూ అయిందండి అన్నాడు. గోడ మీద రాజుగారి ఊరేగింపు ఆడింది, పాటతో సహా.

రాజు మొహం జేవురించింది.

"మోసం. మొదటి శాలువా కప్పింది నువ్వే. ఏనుగు కిందకి నిన్నే వేయిస్తాను."

"నా శాలువా తీసి చూడండి ప్రభూ" అన్నాడు గవర్రాజు. కార్యం అయిపోయింది కదా, ఇప్పుడు తియ్యొచ్చు. పది పట్టువీ తీసి చూస్తే అడుగున గవర్రాజుది, జల్లెడ. అన్నీ చిల్లులే. "దాని మీదున్నవాటిల్లో గాలి ఆడేది నాదొక్కటేనండి. మిగతా పదీ తమ పెద్దలవి. భూషణంగారు ఒక్కసారైనా మూత విప్పి చూసుంటే, దానికి ఊపిరి ఎటునుంచి ఆడుద్దో తెలిసుండేది."

రాజు భూషణం వైపు చూశాడు. భూషణం అట్టపెట్టె వైపు చూశాడు. దాని మీద శాలువాల సంగతి రాయలేదు.

"నిజం చెప్పు. శాలువాలు లేకపోతే?" అన్నాడు రాజు.

"లేకపోతే నేను ఓడిపోయేవాణ్ణండి."

"మరి?"

"నాది గెలుస్తాదని నేనెప్పుడన్నానండి. నా పనికి సరిపోద్దన్నాను. తమది గొప్పదే. వేడెక్కితే కాలిపోకుండా తనంతట తాను ఆగింది చూశారా, అదీ తెలివంటే. దాని మీద పదకొండు కప్పేసరికి ఆగిపోయింది. తమకి రోజుకి ఎన్ని కప్పుతారో, తమరెలా నడుస్తున్నారో నాకు ఆశ్చర్యమండి."

మంత్రి చెవులు మూసుకున్నాడంట, ఏనుగు ఘీంకారం వినపడుద్దని.

రాజు తన భుజాలకేసి చూసుకున్నాడు. ఆయన మీదా మూడున్నాయి. ఉక్కపోసి చొక్కా వీపుకి అంటుకుపోయుంది. ఒకటి తీశాడు. రెండోది తీశాడు. మూడోది తీసేసరికి గాలి తగిలి నవ్వొచ్చింది. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత కొలువంతా నవ్వు.

అప్పటికప్పుడు దండోరా మార్పించాడు. ఎవరి డబ్బా వాళ్ళింట్లోనే ఉంటుంది. ఏనుక్కి చెరుకుగడలు పెట్టారు. కోటలో యంత్రాలన్నిటికీ గవర్రాజే పెద్ద.

"పేకాటకి నీ రెండు కోర్లది చాలు కదరా. అదివ్వు, ఇది పట్టుకెళ్ళు" అన్నాడు రాజు.

"కుదరదండి. నాది పనిలో ఉంది. కాలవ అర్జీలు నలభై మిగిలున్నాయి. ఎటూ తమరే చదవాలి."

రాజు మళ్ళీ నవ్వాడు. కాలవ సంగతి రేపే చూస్తానన్నాడు. తను తీసేసినవాటిల్లో మంచిది, బంగారు జరీది, చేతిలోకి తీసుకుని గవర్రాజుకి కప్పబోయాడు. ఇదిగో, ఇదే పన్నెండోది.

గవర్రాజు రెండడుగులు వెనక్కేశాడు.

"వద్దండి. వేడి చేస్తాది" అన్నాడు.

అంతే కథ. తెల్లారేసరికి భూషణం ఊళ్ళో లేడు, పట్టుశాలువాలు పదీ లేవు. చిల్లులది మటుకు వదిలేశాడు.

నువ్వు విన్నది సగమే కదా, నిద్రపోయేదానివి. పోయిన నెల ఆసుపత్రిలో మీ నాన్న ఇదే కథ పక్కమంచం ఆయనకి మొత్తం చెప్పాడు. చెప్పి అలిసిపోయాడు. చలిగా ఉంది కదాని నేను నా శాలువా తీసి కప్పబోయాను. చేత్తో తోసేశాడు. వద్దక్కా, వేడి చేస్తాది అన్నాడు. పక్కమంచం ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను.

తెల్లారేసరికి మీ నాన్న లేడు.