శంఖం లేని నాణేలు

శిష్యులు ప్రశ్న వేస్తే కూర్చుని జవాబు చెప్పే అలవాటు లింగాచారిగారికి లేదు. లేచి చెప్పులు వేసుకునేవారు. వీరగిరి సంస్థానంలో ముప్పై ఏళ్లు నాణేల అచ్చులు చెక్కి విశ్రాంతి తీసుకున్న మనిషి ఆయన. ఆయన దగ్గర పని నేర్చిన సోమలింగం ఇప్పుడు టంకశాలలో నాణేల పరీక్షకుడు. వయసు నలభై దాటినా, ఏదైనా తేలకపోతే గురువు ఇంటికే వచ్చేవాడు.

ఆ బుధవారం ఉదయం అతను తెచ్చిన ప్రశ్న ఇది.

"గురువుగారూ, ఒక తప్పు నాదేనని ఒప్పుకున్నవాడు మిగతా మూడూ నావి కావంటే ఎలా నమ్మడం?"

సంగతి చిన్నది కాదు. కొత్త రాజుగారి ముఖంతో అచ్చవుతున్న రూపాయలు పట్టాభిషేకం నాడు విడుదల కావాలి. అంతవరకు ప్రతి నాణెమూ సీలు వేసిన సంచుల్లో టంకశాలలోనే ఉండాలి. అలాంటిది నాలుగు నాణేలు బజారులో ఒక నగల వర్తకుడి దగ్గర దొరికాయి. నాలుగూ వింతవే. ఒకవైపు రాజుగారి ముఖం మామూలుగానే ఉంది. రెండోవైపు ఉండాల్సిన శంఖం లేదు. దాని చోట అదే ముఖం లోపలికి గుంటపడి, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారై, మీసం వెంట్రుకతో సహా స్పష్టంగా ఉంది. అలాంటి వాటికి కంటోన్మెంటు దొరలు ఒక్కోదానికి వంద రూపాయలు ఇస్తారట.

వర్తకుడు ఎవరి పేరూ చెప్పలేదు. దివానుగారు టంకశాల పనివాళ్లను వరసగా నిలబెట్టి అడిగితే, అచ్చు వేసే మర మీద వెండి బిళ్ళలు పెట్టే పెంటయ్య ఒక్కడే ముందుకొచ్చాడు. ఒకటి తన చేతిలో పుట్టిందేననీ, దాన్ని అప్పుడే టంకశాల అధికారి దరోగాగారికి అప్పజెప్పాననీ, మిగతా మూడూ తాను చూడనైనా చూడలేదనీ చెప్పాడు. పాడైన నాణెం దరోగా చేతికి ఇవ్వాలి, ఆయన దాన్ని కరిగించాలి. అది అక్కడి నియమం. దరోగా జగ్గారాయుడు మాత్రం తనకు ఎవరూ ఏదీ ఇవ్వలేదన్నాడు. మర్నాటికి పరీక్షకుడి నివేదిక అందాలి. నేరం తేలితే పెంటయ్య పెళ్లాం పిల్లలతో సహా సంస్థానం పొలిమేర దాటాలి.

గురుశిష్యులు టంకశాల చేరేసరికి పొద్దుటి జట్టు ఇళ్లకు వెళుతోంది. గేటు దగ్గర ఒక్కొక్కరే జుట్టు విప్పి దులిపి, నోరు తెరిచి చూపించి, నీళ్లు పుక్కిలించి బయటికి నడుస్తున్నారు. ఇంతలో జగ్గారాయుడు తలపాగాతో, గొడుగు ఊపుకుంటూ నేరుగా వెళ్లిపోయాడు.

"ఆయన జుట్టు విప్పరా?" అన్నారు లింగాచారిగారు.

"దరోగాగారిది బట్టతల, గురువుగారూ!" అని జవాను నవ్వాడు.

గురువుగారు నవ్వలేదు. కొట్టు అరుగు మీద జవాన్ల కాపలాలో కూర్చున్న పెంటయ్య పక్కన చతికిలబడి, "ఎలా పుట్టిందయ్యా అది?" అని అడిగారు.

"ఏం చెప్పను బాబయ్యా, ఒక నాణెం శంఖం ఉండే పై అచ్చుకు అతుక్కుపోయింది. ఇక కింద పెట్టే బిళ్ళ మీద శంఖానికి బదులు ఆ నాణెం మీది ముఖమే గుంటగా పడుతుంది. కింద చూస్తే ఖాళీ. అప్పుడే ఆపండని అరవాలి. అరవలేదు."

"ఏం?"

"మర ఆపితే పై అచ్చు విప్పాలి. దాని తాళంచెవి దరోగాగారి మొలలో ఉంటుంది. ఆయన వచ్చి విప్పేసరికి పూట గడుస్తుంది, మా నలుగురికీ పూట కూలి పోతుంది. మరను తిప్పే తిరుగుడు కర్ర పట్టే ముగ్గురూ పిల్లలుగలవాళ్లు. దానంతటదే ఊడుతుందిలే అని బిళ్ళలు పెడుతూనే పోయాను. ఊడింది."

"ఎన్ని దెబ్బలకి?"

"లెక్కపెట్టే తీరికెక్కడిది? ఆరో, ఏడో. వింతగా ఒకటి కంటబడితే తీసి ఇచ్చాను. మిగతావి కుప్పలో కలిసిపోయాయి. పోయిన ఏకాదశి నాటి మాట."

లింగాచారిగారు లేచి శిష్యుడి వైపు తిరిగారు. "దివానుగారిని పిలిపించు. సంచులు విప్పాలి."

కబురు విని జగ్గారాయుడు దారిలోంచే వెనక్కి వచ్చాడు. "తొమ్మిది సంచులు! తొమ్మిది వేల నాణేలు! గురువుగారికి ఈ వయసులో గవ్వలాట మీదికి మనసు పోయిందా?"

"పోయింది, రాయుడుగారూ. మీరూ కూర్చోండి, చాపలు చాలా ఉన్నాయి."

దివానుగారి ఎదుట సీళ్లు తెంచారు. ముంగిట్లో చాపలు పరిచి, ప్రతి నాణేన్నీ శంఖం పైకి వచ్చేలా పేర్చమన్నారు గురువుగారు. ఇంటికి వెళ్లిన జట్టు కూడా కబురందగానే తిరిగి వచ్చింది. పూట కూలి ఎవరూ అడగలేదు. నాలుగు సంచులు అయ్యాయి. అన్నీ శంఖాలే. సోమలింగం మెడ నొప్పెట్టింది. నివేదికలో ఏం రాయాలో అతని మనసులో అప్పటికే సగం సిద్ధమైంది, అది పెంటయ్యకు మంచిది కాదు.

ఐదోది ఏకాదశి నాటి సంచి. చింతపండుతో బిళ్ళలు తోమే గవరమ్మ ఒక నాణేన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, లేచి నిలబడింది.

"ఓలమ్మో! దీనికి శంఖం లేదు! రెండు పక్కలా రాజుగారే!"

సోమలింగం పరుగెత్తాడు. గుంటపడిన ముఖం ఉంది కానీ కాస్త మసకగా, కాస్త వెడల్పుగా ఉంది. ఆ పక్కనే ఇంకొకటి దొరికింది, దానిలో ముక్కు చెదిరింది. ఆ తర్వాతదానిలో మీసం లేదు. ఆరు దొరికాయి. ఏడోది అతుక్కుపోయిన నాణెమే. దెబ్బ మీద దెబ్బ తిని అంచులు లేచి గిన్నెలా అయింది. సోమలింగం వాటిని వరసగా పేర్చాడు. వర్తకుడి దగ్గర దొరికినవాటిలో ఒకదాన్ని ఆ వరస మొదట పెట్టాడు. ముఖం ఒక్కో నాణెంలోనూ కొంచెం కొంచెంగా కరిగిపోతూ, చివరిదానిలో వట్టి మరకగా మిగిలింది.

మిగతా నాలుగు సంచులూ విప్పారు. శంఖాలు తప్ప మరేమీ లేవు.

అప్పుడు సోమలింగమే లేచాడు. "దివానుగారూ, మర నడుస్తుంటే అతుక్కున్న నాణెం ఒక్క వింతతో ఆగదు. ఇదిగో, ఇంత సంతానాన్ని కంటుంది. ఈ ఒక్కదానికి తోబుట్టువులు దొరికారు. ఆ మూడింటిలోనూ ముఖం ఇంతే స్పష్టం, అంటే అవీ మొదటి దెబ్బవే, కానీ వాటికి తోబుట్టువులు ఒక్కరూ లేరు. అవి మూడూ మూడుసార్లు పుట్టాయి. ఒక్క దెబ్బ కొట్టగానే ఎవరో తీరిగ్గా మర ఆపి, పై అచ్చు విప్పి, నాణెం ఊడదీసి, మళ్లీ బిగించారు."

"విప్పడానికి తాళంచెవి కావాలి కదా?" అన్నారు దివానుగారు.

ముంగిట్లో ఉన్న అరవైమందీ జగ్గారాయుడి మొల వైపు చూశారు. ఆయన గొడుగు తెరిచాడు, మూశాడు. కాసేపటికి తీసుకొచ్చిన వర్తకుడికి, తాళంచెవి దివానుగారి చేతిలో కనిపించగానే, జ్ఞాపకశక్తి తిరిగొచ్చింది. మొదటిది అమ్మింది దరోగాయే. దొరలకు ముచ్చటపడితే మరో మూడు చేసి తెచ్చిందీ ఆయనే. జవాను ఈసారి నవ్వకుండా దరోగా తలపాగా విప్పించాడు.

తిరుగుడు కర్ర పట్టే ముగ్గురూ పెంటయ్యను భుజాల మీదికి ఎత్తుకున్నారు. "దించండ్రా, పడతాను!" అని అతను అరుస్తున్నా ముంగిలి చుట్టూ మూడుసార్లు తిప్పారు. గవరమ్మ ఇత్తడి పళ్లెం మీద గరిటెతో దరువు వేసింది. దివానుగారు కూడా చప్పట్లు కొట్టారని చూసినవాళ్లు చెబుతారు.

ఆ గోలలోనే సోమలింగం అరుగు మీద కూర్చుని నివేదిక మొదలుపెట్టాడు. ఒక వాక్యం దగ్గర కలం ఆపాడు.

"గురువుగారూ, ఇంత జరిగాక పెంటయ్య మర ఆపని సంగతి ఎందుకు? దివానుగారు కూడా అడగరు. వదిలేయనా?"

లింగాచారిగారు భుజాల మీద ఊగుతున్న పెంటయ్యను చూస్తూ అన్నారు. "అదే ముందు రాయి. ఆ ఒక్కటీ అతను దాచి ఉంటే, మనం ఏ సంచి విప్పేవాళ్లం?"