ఉడుత వీపు మీది చారలు

అడవి మధ్యలో ఒక రోడ్డు పడింది. ఎవరూ పనిగట్టుకుని వేసింది కాదు. మేతకి పరుగెత్తే అడవిదున్నలూ, వాటి వెనక దుప్పులూ తొక్కీ తొక్కీ గడ్డి చచ్చింది, నేల గట్టిపడింది, దారి ఏడాదికేడాది వెడల్పయింది. చిన్న ప్రాణులకి ఆ రోడ్డు దాటడం పెద్ద గండమైపోయింది. ఆమధ్య ఒక ముళ్ళపంది పిల్ల గిట్టల కింద పడి చచ్చిపోతే, గోల గోలై, ఏనుగు పెద్దయ్య అందర్నీ పిలిచి రూలు పెట్టాడు. రోడ్డుకి అడ్డంగా తెల్లసుద్దతో చారలు గీయాలి. చారలు కనిపిస్తే పరుగెత్తేవాళ్ళు ఆగాలి, నడిచేవాళ్ళు దాటాకే కదలాలి. కుందేళ్ళకి రోడ్డు అంచునే సన్నగా వేరే దారి. ఇదంతా చూసుకోవడానికి నక్కని పెట్టాడు. దాని తోక కుచ్చులా ఉంటుంది, సుద్ద పూయడానికి పనికొస్తుందని.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. వానలు పడి చారలు కొట్టుకుపోయాయి. నక్క మళ్ళీ గీయలేదు. కుందేళ్ళ దారికి అడ్డంగా ఒక అడవిపంది పడుకుని గురకపెడుతుంటే దాన్నీ లేపలేదు. అదేమని అడిగితే, "ఆ దారిలో పరుగెత్తకూడదన్నారు గానీ పడుకోకూడదన్లేదుగా" అంది.

ఇలాంటి రోజుల్లో తాబేలుకి నెలలు నిండాయి.

దాని చెరువు రోడ్డుకి ఇవతల. చుట్టూ అంతా బండలే. గుడ్లు పెట్టే ఇసుక అవతల, వాగు పక్కన. పోయినేడు దాటలేక ఇవతలే, రోడ్డు పక్క మట్టిలో పెట్టింది. ఒక్కటీ మిగల్లేదు. నక్క బొరియ ముందు పెంకులు కనబడ్డాయి కానీ, రోడ్డుకి కాపలా అదే కదా, ఇక ఎవరితో చెప్పుకోవాలి? ఏడ్చి ఊరుకుంది.

ఈసారి ఎలాగైనా అవతలికి పోవాలని రోజూ పొద్దున్నే వచ్చి అంచున నిలబడుతోంది. కాలు ముందుకి పెట్టడం, దున్నలు దుమ్ము రేపుకుంటూ రావడం, కాలు లోపలికి లాక్కోవడం. సాయంత్రానికి వెనక్కి. నడుము లాగేస్తోంది, పొట్ట నేలకి రాసుకుంటోంది.

"నక్కయ్యా, పుణ్యముంటుంది, వాళ్ళని ఒక్కసారి ఆపు."

నక్క ఆవులించింది. "ఆపుదును తాబేలొదినా. చారలేవి?"

"గీయొచ్చుగా?"

"సుద్ద పైనుంచి రావాలి. వచ్చినా తోక తడిగా ఉంది, ఆరాలి."

"ఎక్కడ దాటాలో నీకు తెలుసుగా. ఆ చోట నిలబడి ఆపరాదూ?"

ఈ మాటకి నక్క గొంతు పెంచింది. పక్కనే చెరువులో నీళ్ళు తాగుతున్న దున్నలన్నీ తలెత్తి చూశాయి. "చూడొదినా! నాకు రోడ్డు తెలీదు, చోటు తెలీదు, చారలే తెలుసు. చారలు కనిపిస్తే ఎవరినైనా ఆపుతా. కనిపించకపోతే మా అమ్మొచ్చి అడిగినా ఆపను. రూలంటే రూలే!"

తర్వాత గొంతు తగ్గించి దగ్గరికొచ్చింది. "అయినా ఈ ఒంటితో నీకెందుకీ అవస్థ? పోయినేడు లాగే ఇక్కడే పెట్టేసెయ్. నేను లేనూ చూసుకోడానికి?" అంటూ మూతి నాక్కుంది.

తాబేలుకి ఒళ్ళు మండింది. కానీ పోట్లాడే ఓపిక ఎక్కడిది? పక్కన పొద నీడలో కూలబడింది.

కొమ్మ మీంచి ఉడుత దిగింది. "ఏం తాబేలక్కా, ఇవాళా అంతేనా?"

"అంతేరా తమ్ముడూ. విసుగొచ్చేసింది. ఈ రాత్రికో రేపటికో వచ్చేసేలా ఉన్నాయి. ఇవి కూడా దాని నోట్లోకే."

"అయ్యో" అంటూ ఉడుత జామపిందె కొరుక్కోడానికి అటు తిరిగి కూచుంది. తాబేలు కళ్ళు దాని వీపు మీద పడ్డాయి. అలాగే ఉండిపోయాయి.

"ఒరే తమ్ముడూ, నీ వీపు మీదున్నవి ఏవిట్రా?"

"చారలు. పుట్టినప్పట్నుంచీ ఉన్నవే, ఇప్పుడే చూస్తున్నావా?"

"వానకి పోవుగా?"

"పోతే ఉడుతనెలా అవుతా?"

తాబేలు నెమ్మదిగా లేచింది. "అయితే నా చిప్పెక్కి పడుకో. అవతలి గట్టు దాకా కదలకూడదు."

"కదలకుండానా? నా వల్ల కాదక్కా! దున్నలొస్తుంటే నా కాళ్ళు నా మాట వినవు. అయినా నా వీపేమైనా ఊరుమ్మడి వీపా?"

"నా పిల్లల్రా" అంది తాబేలు.

ఉడుత జామపిందె పారేసి చిప్పెక్కింది. బోర్లా పడుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

దున్నల మంద మలుపు తిరిగింది. నేల అదిరింది. తాబేలు ఈసారి కాలు లోపలికి లాక్కోలేదు. రోడ్డు మీదకి నడిచి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. "చారలు! చారలు కనిపిస్తున్నాయి, ఆగండి!"

ముందున్న దున్న అలవాటు కొద్దీ గిట్టలు నేలకి తన్నిపట్టి ఆగింది. వెనకది దాని మీద పడింది, దాని వెనకది దీని మీద. పైన ఉడుత గజగజ వణికింది గానీ కదల్లేదు.

"ఏవయ్యా నక్కా, చారలు లేవన్నావుగా?" అని కసిరింది పెద్ద దున్న.

నక్క పరుగెత్తుకొచ్చింది. "చారలేవిటి నీ మొహం, అది ఉడుత!"

"ఉడుత వీపు మీదున్నవాటిని ఏమంటారు నక్కయ్యా?" అని అడిగింది తాబేలు.

"చారలే అంటాం" అన్నాయి దున్నలు.

"రోడ్డు మీద ఉండాలి! ఆ చోట ఉండాలి!"

"నీకు రోడ్డు తెలీదు, చోటు తెలీదు, చారలే తెలుసన్నావు కదయ్యా. వీళ్ళంతా విన్నారు" అంది తాబేలు.

అంతలో ఆగిన మంద వెనక నుంచి ఏనుగు పెద్దయ్య వచ్చాడు, ఈ తొక్కిసలాట ఏవిటంటూ. దున్న జరిగింది చెప్పింది. పెద్దయ్య చిప్పనీ, చిప్ప మీది ఉడుతనీ, వట్టి రోడ్డునీ చూసి నిట్టూర్చాడు.

"ఎన్ని చెప్పినా ఇంతేనా మీరు? ఒరే నక్కా, సుద్ద లేదన్నావా?"

"పైనుంచి రాలేదు పెద్దయ్యా."

"పైన ఉన్నది నేనే కదరా. నన్నెప్పుడడిగావు?"

నక్క తోకని కాళ్ళ మధ్య దాచుకుంది.

"సరే. చారలు గీసేదాకా ఈ ఉడుత చారలే చారలు. ఎవరు దాటాలన్నా ఉడుతని వీపునెత్తుకుని నువ్వే ముందు నడవాలి. చీమొచ్చి అడిగినా సరే. దానికి తిండి కూడా నువ్వే తేవాలి. ముందు ఆ పందిని లేపు."

తాబేలు ఇవేవీ నిలబడి వినలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తూనే ఉంది. అడవంతా ఆగి చూస్తోంది. దాని పొట్టతో పాటు గుడ్లు అవతలి గట్టెక్కుతుంటే నక్క గుటకలు మింగింది.

ఇసుకలో గుంట తీసి, గుడ్లు పెట్టి, కప్పి, తాబేలు దాని మీదే తల వాల్చింది.

"ఇక హాయిగా ఉండక్కా" అంది ఉడుత.

"ఏం హాయిరా, నా చెరువు అటుందిగా. మళ్ళీ దాటాలి."

రోడ్డవతల నక్క ఒళ్ళు వంచి నిలబడి, "ఉడుతగారూ, రండి, నత్తలొచ్చాయి, దాటాలిట" అని ఏడుపుగొంతుతో పిలుస్తోంది. పొద్దుగూకేదాకా అటూ ఇటూ మోస్తూనే ఉంది. మర్నాడు పొద్దున్న చూస్తే రోడ్డుకి అడ్డంగా తెల్లగా, దిట్టంగా చారలు. నక్క తోక కూడా సుద్దతో తెల్లగా ఉంది.

ఇందులో నీతి అంటారా? నడిచేవాణ్ణి దాటించడానికి పెట్టిన మాటని వాడికే అడ్డం పెడితే, ఆ మాటే ఏదో ఒకరోజు మన వీపెక్కి కూచుంటుంది.