పాత పాయ

అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే బదులు చెప్పడం గురువుగారికి అలవాటు లేదు. అందుకని హైమవతి ప్రశ్న వేసి ఊరుకుంది.

ఆమె ఒకప్పుడు కాన్పుల వార్డులో నర్సు. భర్త మంచాన పడితే ఉద్యోగం మానుకుంది. ఏళ్ల తరబడి చాకిరీ చేసినా ఆయన దక్కలేదు. ఇప్పుడు పాత ఆసుపత్రివాళ్లు సోమవారం నుంచి రమ్మంటున్నారు.

"చేతులు పని మరిచిపోయి ఉంటే? నా వల్ల ఒక తల్లి ప్రాణం పోతే?"

గురువుగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "అవతలి ఒడ్డున ఒక రోగిని చూడాలి. నువ్వూ రా."

రేవులో పడవ నిండుగా ఉంది. నడిపేవాడు నూకరాజు. పట్నంలో వాచ్‌మన్‌గా చాలాకాలం చేసి, ఆ వారమే తిరిగొచ్చి మళ్లీ గెడ పట్టాడు. వంకాయల గంపతో కూర్చున్న మంగాయమ్మ వాణ్ణి వదల్లేదు.

"ఏరా, అది పడవ గెడరా. గేటు దగ్గర కర్ర అనుకునేవు!"

"నా కళ్లకు గంతలు కట్టవే అత్తా, నిన్ను అవతలి రేవులో దింపకపోతే అప్పుడడుగు."

జనం నవ్వారు. నిజానికి గెడ వేయడంలో వాడి చెయ్యి ఎక్కడా తడబడలేదు. హైమవతికి కాస్త ధైర్యం వచ్చింది.

ఏటి నడిమధ్యలో, నాటుపడవ మీంచి వల విసురుతున్న ఒకతను కేకేశాడు. "బాబాయ్, అటు కాదు! పోయిన వరదకు అక్కడ ఇసుక మేటేసింది. పైనుంచి తిప్పు!"

"నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసురా నాకీ పాయ!" అని నూకరాజు నవ్వి గెడ వేశాడు.

పడవ మేటకు కొట్టుకుని ఒరిగిపోయింది. మేటవైపు పడ్డవాళ్లు నడుంలోతు నీళ్లలో లేచి, మేట మీదుగా ఒడ్డుకు నడిచారు. మంగాయమ్మ లోతువైపు పడింది. వల విసురుతున్నతను ఈది పట్టుకుని ఒడ్డుకు చేర్చేసరికి ఆమెలో ఊపిరి లేదు. హైమవతి మోకాళ్ల మీద కూలబడి ఛాతీ నొక్కింది. ఎక్కడ నొక్కాలో, ఎంత బలంగా నొక్కాలో చేతులకు తెలుసు. ఎంతసేపు నొక్కినా ప్రాణం రాలేదు.

ఎవరో నూకరాజును చెంప మీద కొట్టారు. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "పాయ అక్కడేనండి, అక్కడే ఉండేదండి" అంటూనే ఉన్నాడు.

"పని మరిచిపోయాడు. నేను భయపడింది ఇందుకే" అంది హైమవతి.

గురువుగారు మంగాయమ్మ ముఖం మీది తడి జుట్టు తొలగించి కళ్లు మూశారు.

"మరిచిపోయి ఉంటే అడిగేవాడమ్మా" అన్నారు.