తెల్లకాగితం మీద సంతకాలు

కోనపేట పోలీసు స్టేషనులో భానోజీరావు అనే ఎస్సై ఉండేవాడు. అతనికి తన మీద తప్ప ఊళ్ళో ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. టీ తెచ్చినవాడు రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే, వీడు ఎవరి కోసం వింటున్నాడా అని చూసేవాడు. ఎవరైనా దండం పెడితే, ఏం తప్పు చేసి వచ్చాడో అనుకునేవాడు.

ఒకరోజు ఎర్నమ్మ అనే కూలిమనిషి ఏడుస్తూ వచ్చింది. మందుల కొట్టు సత్తిరాజు అమ్మిన దగ్గుమందు తాగి ఆమె కూతురికి మూత్రపిండాలు పాడయ్యాయి. సత్తిరాజు గోదాములో నకిలీ మందు ఉందని భానోజీరావు ఆరా తీసి తెలుసుకున్నాడు. ఇక సోదా చెయ్యాలి. సోదాకు ఊరివాళ్ళు ఇద్దరు వెంట రావాలి, దొరికినవి కళ్ళారా చూసి, రాసిన కాగితం మీద సంతకం పెట్టాలి. దాన్నే పంచనామా అంటారు.

"ఈ ఇద్దరూ ముందుగా వాడికి కబురు పంపరని ఏమిటి నమ్మకం?" అనుకున్నాడు ఎస్సై. టీకొట్టు అప్పలస్వామిచేత, ఇస్త్రీబండి పైడయ్యచేత ఎందుకో చెప్పకుండా తెల్లకాగితం మీద ముందే సంతకాలు పెట్టించుకుని జేబులో వేసుకున్నాడు.

హెడ్ కానిస్టేబులు సుగుణ ఉండబట్టలేక, "సార్, ట్రైనింగులో నీతి పాఠం చెప్పినప్పుడు ఇది తప్పన్నారండి," అంది.

"నీతి పాఠాలు దొంగలకు చెప్పమను. నువ్వేమైనా సత్తిరాజు మనిషివా?" అన్నాడు అతను. పాపం, సుగుణ వెళ్ళి జీపు ఎక్కింది.

గోదాములో నకిలీ మందు సీసాలు నిజంగానే దొరికాయి. భానోజీరావు మీసం మెలేసి, జేబులోని కాగితం తీసి పంచనామా రాసేశాడు.

కోర్టులో సత్తిరాజు వకీలు అప్పలస్వామిని అడిగాడు: "సీసాలు ఏ గదిలో దొరికాయి?"

"నాకేటి తెలుసు బాబూ? ఆ గోదాం మొకమే నానెరగను. ఎస్సైబాబు మా కొట్టుకాడే ఉత్త కాయితం మీద సంతకం ఎట్టించుకున్నారు."

జడ్జిగారు ఎస్సైని ఎగాదిగా చూశారు. అచ్చం అతను రోజూ అందర్నీ చూసే చూపే.

"పంచనామాయే అబద్ధమైతే, ఆ సీసాలు మీరే తెచ్చి పెట్టలేదని నమ్మకమేమిటి?" అన్నారు జడ్జిగారు. కేసు కొట్టేశారు. సత్తిరాజు చేతులూపుకుంటూ బయటికి నడిచాడు.

కోర్టు మెట్ల దగ్గర ఎర్నమ్మ అడ్డం వచ్చింది. "దొరికినోణ్ణి ఎందుకు ఒగ్గీసినారు బాబూ?"

"తప్పు నాదేనమ్మా," అన్నాడు భానోజీరావు, సిగ్గుతో చితికిపోతూ. ఆ మాట ఆమె కూతురికి ఎందుకూ పనికిరాలేదు.

నీతి: నేరస్థుల్ని పట్టే ఉద్యోగి ముందు నీతి నేర్చుకోవాలి, అది నేర్వనివాడి చేతిలో నిజం కూడా చెల్లదు.