బుర్రా వారు సంచులకి చేసిన మర్యాద

గోకవరం అవతల ఒక ఊళ్ళో బుర్రా వారని ఉండేవారు. ఆ ఇంట్లో బుర్రలు మూడు. పెద్దాయన గవర్రాజుది ఒకటి, తమ్ముడు అబ్బులుది ఒకటి, గవర్రాజు భార్య మంగాయమ్మది ఒకటి. మూడూ అప్పుడే దుకాణంలోంచి తెచ్చినట్టు నిగనిగలాడుతుండేవి, ఎందుకంటే ఒక్కసారి కూడా వాడలేదు.

"బుర్ర అందరికీ తల్లోనే ఉంటుంది. మనకి ఇంటిపేరులో కూడా ఉంది" అని గవర్రాజు రోజూ పళ్ళు తోముకుంటూ అనేవాడు. మిగతా ఇద్దరూ తలలూపేవారు. వాళ్ళ తెలివికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళు ఒక మాట చెబితే ఆ మాట ఎలా ఉందో అలాగే చేసెయ్యాలి, మన ఉప్పూ కారం అందులో కలపకూడదు. ఓసారి పంతులుగారు మంగాయమ్మని దీపం దగ్గర కూర్చుని, ఆరిపోకుండా చూస్తూ ఉండమన్నారు. ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది. నూనె అయిపోవడం చూసింది, వత్తి మాడడం చూసింది, దీపం ఆరిపోవడం కూడా చాలా శ్రద్ధగా చూసింది. నూనె పొయ్యమని ఆయన చెప్పలేదు గదా.

ఇంత తెలివి చాలదన్నట్టు వాళ్ళకో చిన్న వ్యాను కూడా ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ శీతాకాలం రాజమండ్రిలో సైకిలు యాత్ర పెట్టారు. మధ్యాహ్నం బయల్దేరి, మారేడుమిల్లి అడవి దాటి, ఘాట్ దిగి చింతూరు దాకా వెళ్ళి, మర్నాడు పొద్దు గూకేలోగా మళ్ళీ గోదావరి ఒడ్డుకి చేరాలి. అంత దూరం తొక్కేవాళ్ళు వీపు మీద బరువు మొయ్యలేరు గదా. అందుకని ఎవరి సంచి వాళ్ళు పొద్దున్నే అప్పగించేస్తే, ఒక వ్యాను ముందే వెళ్ళి మారేడుమిల్లిలో దింపుతుంది. స్వెట్టరూ, లైటూ, తినడానికి ఇంత ఏదో, అన్నీ ఆ సంచిలోనే. యాత్ర నడిపేది చిదంబరం మాస్టారు, ఒకప్పుడు బళ్ళో డ్రిల్లు చెప్పినాయన. ఆయనకి తక్కువలో వ్యాను దొరికింది. ఆ వ్యానుతో పాటు బుర్రా వారు దొరికారు.

సంచులు అప్పగించినవాళ్ళలో నూకరత్నం ఒకతి. రాజమండ్రి గానుగ వీధిలో జాకెట్లు కుట్టుకుంటుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా మిషను తొక్కుతుంది, ఎంత తొక్కినా ఆ మిషను గది దాటదు. కిటికీలోంచి మబ్బులు నడిచి వెళ్ళిపోతుంటే చూస్తూ, తొక్కితే కదిలేది ఏదైనా ఒకటి తొక్కాలని ఆవిడకి ఆశ. కిందటేడు ఇదే యాత్రకి వెళ్ళింది. చీకటి పడే వేళకి లైటు పాడైంది. లైటు లేని సైకిల్ని ఘాట్ రోడ్డు మీదికి వదలరు, అది నియమం. వెనకబడ్డవాళ్ళని ఎక్కించుకొచ్చే వ్యానులో ఇంటికి తెచ్చి దింపేశారు. అంతే, ఎదురింటి సూరమ్మ ఆ రోజు పెట్టిన పేరే వీధిలో స్థిరపడిపోయింది. వ్యాను రత్నం. జాకెట్టు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళు కూడా వ్యాను రత్నం ఇల్లెక్కడని అడిగి వస్తారు. ఈసారి తన కాళ్ళ మీద తను ఇంటికి రావాలి. ఆవిడ కోరికల్లా అదొక్కటే. అందుకే కొత్త లైటు కొని, స్వెట్టరులో చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు సంచిలో పెట్టింది.

మాస్టారు ప్రతి సంచికీ ఒక అట్టచీటీ కట్టించారు. చీటీ మీద నంబరు, కింద మారేడుమిల్లి అని ఊరి పేరు. అదే నంబరు రాసిన కాగితం ఒకటి సంచి గలవాళ్ళకీ ఇచ్చారు. రత్నం సంచి నంబరు నలభై ఏడు. అన్నీ కట్టించాక ఆయన బుర్రా వారిని వరసగా నిలబెట్టి జాగ్రత్తలు చెప్పారు.

"వీటిని సంచులనుకోకండి. మనుషులనుకోండి. వాళ్ళు వచ్చేసరికి ఎదురుగా కనబడాలి. ఒక్క చుక్క తడవకూడదు. నంబరు లేకుండా మా నాన్న వచ్చి అడిగినా ఇవ్వద్దు. చీటీ కట్టి ఉన్న ప్రతీదీ మీ బాధ్యత, ఎక్కడా వదిలేసి రాకూడదు."

గవర్రాజు చేతులు కట్టుకుని విన్నాడు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మా తర్వాతే ఎవరైనా అన్నాడు. మాస్టారికి గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయేంత నిశ్చింత కలిగింది. పాపం.

ఇంకేముంది, వ్యాను దగ్గరికి రాగానే మొదటి సందేహం వచ్చింది. మనుషుల్ని సామానులా వెనక కుక్కేస్తామా అని మంగాయమ్మ అడిగింది. న్యాయమే గదా. ముందు సీట్లో ఆడవాళ్ళ సంచుల్ని కూర్చోబెట్టారు. వెనక మగవాళ్ళ సంచులు, మోకాళ్ళకి మోకాళ్ళు తగలకుండా. ఒక పెద్ద నల్ల సూట్‌కేసు ఉంటే అది వయసులో పెద్దదని కిటికీ పక్కన వేశారు. అందరూ కూర్చున్నాక చూస్తే బుర్రా వారికి చోటు లేదు. గవర్రాజు టాపెక్కి పడుకున్నాడు. మంగాయమ్మ వెనక తలుపు పట్టుకుని వేలాడింది. అబ్బులు స్టీరింగు దగ్గర సగం బయటా సగం లోపలా కూర్చుని, పక్కనున్న పువ్వుల సంచిని తగలకుండా నడిపాడు. పరాయి ఆడమనిషి, తగిలితే బాగుండదు.

గోకవరంలో టిఫిను వేళయింది. గోదావరి జిల్లాలో మనిషిని బండెక్కించుకుని టిఫిను పెట్టించకుండా తీసుకెళ్తే ఇంకేమన్నా ఉందా. అంతే, సంచులన్నిటినీ దింపి హోటల్లో బల్లల ముందు కూర్చోబెట్టారు. కూర్చున్నవాళ్ళని లేపి మరీ. ఒక్కో సంచి ముందూ ఇడ్లీ ప్లేటు, చట్నీ, కారప్పొడి. ఒక్కటీ ముట్టలేదు. మంగాయమ్మ బల్ల బల్లకీ తిరిగి, మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి అని బతిమాలింది. హోటలాయన గవర్రాజుని పక్కకి పిలిచి ఇవి తినవేమోనండీ అన్నాడు. గవర్రాజు నొచ్చుకున్నాడు. "మీ చట్నీలో పుల్లదనం లేదండి. మనుషులు పైకి అనలేరు" అన్నాడు. ఈ బతిమాలుడు తెమిలేలోపలే మధ్యాహ్నం బయల్దేరిన సైకిలు కుర్రాళ్ళు ఆకలితో వచ్చి, గుమ్మంలో నిలబడి, తమ సంచుల ముందు చల్లారిపోతున్న ఇడ్లీల్ని చూసి, తమకి చోటు లేదని తెలుసుకుని, నీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

బండి మళ్ళీ కదిలింది. రంపచోడవరం దాటాక అడవి మొదలైంది. ఆ దారి చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. ఎండ వెదుళ్ళలో చిక్కుకుని ముక్కలు ముక్కలుగా రోడ్డు మీద రాలుతూ ఉంటుంది, గాలిలో తడి ఆకుల వాసన. బుర్రా వాళ్ళకి అదేం పట్టలేదు, ఎందుకంటే ఒక ఆకుపచ్చ సంచి వాంతి చేసుకుంది. నిజానికి లోపల కొబ్బరినూనె సీసా మూత ఊడింది. మలుపులు పడలేదు పాపం అని మంగాయమ్మ కంగారుపడిపోయింది. బండి ఆపి, సంచిని గట్టు మీద కూర్చోబెట్టి, జిప్పు తీసి నిమ్మకాయ పిండింది. చొక్కాలూ, ఫోనూ నిమ్మరసంలో నానాయి. వాంతి తగ్గలేదు. పాపం ఒళ్ళు కూడా జిడ్డుగా ఉందని అబ్బులు బోర్లించి వీపు తట్టాడు.

ఇలా మర్యాదలన్నీ చేసుకుంటూ మారేడుమిల్లి చేరేసరికి, ముందొచ్చే సైకిళ్ళు అప్పటికే ఊరి పొలిమేరలో ఉన్నాయి. వాళ్ళు వచ్చేసరికి ఎదురుగా కనబడాలని గదా మాస్టారి మాట. సైకిలు తొక్కేవాడికి ఎదురుగా ఉండేదేమిటి? రోడ్డు. అంతే, దింపిన సంచిని దింపినట్టే రోడ్డుకి అడ్డంగా పేర్చేశారు. మలుపు తిరిగి వేగంగా వచ్చిన మొదటి కుర్రాడు నల్ల సూట్‌కేసుని గుద్దుకుని అవతల పడ్డాడు. వాడి మీద రెండోవాడు, వాళ్ళిద్దరి మీద మూడోవాడు. మోచేతులు చెక్కుకుపోయాయి. అబ్బులు పరుగెత్తుకెళ్ళి సూట్‌కేసుని లేవదీసి, దెబ్బ తగిలిందా బాబాయ్ అని తడిమాడు.

అంతలో వాన పట్టుకుంది. అడవిలో వాన అడిగి రాదు. సైకిళ్ళవాళ్ళంతా బడి వరండాలోకి దూరారు. బుర్రా వారికి ఒళ్ళు మండింది. మనుషులు వానలో ఉంటే మీరు లోపల నిలబడతారా అని కుర్రాళ్ళందర్నీ బయటికి తోలి, సంచుల్ని వరండాలో కూర్చోబెట్టారు. కొందరి ఒంటి మీద రెయిన్‌కోట్లు ఉన్నాయి. అవి కూడా విప్పించి సంచులకి కప్పారు. ఒక్క చుక్క తడవకూడదని మాస్టారు చెప్పింది సంచుల్ని గురించి. కుర్రాళ్ళని గురించి ఆయన ఏమీ చెప్పలేదు.

రత్నం వచ్చింది అప్పుడే. మామూలు సైకిలు, తుప్పు పట్టిన చెయిను, తడిసి ముద్దయిన చుడీదారు. కానీ వేళకి వచ్చింది. కొండల వెనక ఇంకా కాస్త వెలుతురు మిగిలి ఉంది, కుంపట్లో చివరి నిప్పు ఉన్నట్టు. ఆ వెలుతురు పోయేలోపల లైటు బిగించుకుంటే ఘాట్ మీదికి వదులుతారు. లేకపోతే వెనకబడ్డవాళ్ళని ఎక్కించుకుంటూ వస్తున్న వ్యాను ఎక్కాలి. ఆ వ్యాను హారను అప్పటికే కింది మలుపులో వినబడుతోంది.

వరండాలో తన సంచి కనబడింది. కుర్చీలో కూర్చుని ఉంది. దాని చుట్టూ శాలువా. దాని ముందు పొగలు కక్కుతున్న టీ. రత్నానికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"మంగాయమ్మక్కా, నా సంచి ఇలా ఇచ్చెయ్యి."

"ఇస్తాను రత్నం. నంబరేదీ?"

నంబరు కాగితం హ్యాండిలుకి కట్టుకున్న మాట నిజమే. వాన దాన్ని కరిగించి గుజ్జు చేసేసింది. దారం మాత్రం మిగిలింది. రత్నం ఆ దారం చూపించింది. దారం నంబరు కాదు గదా అన్నాడు గవర్రాజు.

"అక్కా, నేనెవరో నీకు తెలీదా? నీ ఒంటిమీదున్న జాకెట్టు కుట్టింది నేను."

"అయ్యో, తెలీకపోవడమేంటి. చంకల్లో బిగుతు కూడా నీదే. నువ్వు రత్నానివే, ఎవరూ కాదన్లేదు. నంబరు లేదు, అంతే."

"పోనీ మాస్టారి నాన్నగారేమో కనుక్కో వదినా" అన్నాడు అబ్బులు.

"ఆయన వచ్చినా ఇవ్వద్దన్నారు గదరా" అన్నాడు గవర్రాజు. దాంతో ఆ దారి కూడా మూసుకుపోయింది.

హారను దగ్గరికొచ్చింది. కొండ మీద వెలుతురు సన్నగిల్లుతోంది. రత్నం ఏడవలేదు. కుర్చీలో సంచిని చూసింది, టీని చూసింది, మంగాయమ్మ ముఖంలోకి చూసింది. మనం వీళ్ళతో మనిషిలా మాట్లాడి లాభం లేదనుకుంది. "ఆ కూర్చున్నావిడ ఎవరు?" అని అడిగింది.

నలభై ఏడో నంబరావిడ అన్నారు ముగ్గురూ.

"మనిషే గదా. నా సామాను నాకు ఇవ్వడం ఆవిడకి ఇష్టమో కాదో ఆవిణ్ణే అడగండి."

బుర్రా వారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత తెలివైన మాట ఆ రోజంతా ఎవరూ అనలేదు. మంగాయమ్మ వంగి, సంచి చెవి దగ్గర అడిగింది. సంచి ఏమీ అనలేదు. మళ్ళీ అడిగింది. అనలేదు. మంగాయమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. "ఒప్పుకుందండీ. పెళ్ళిచూపుల్లో నేనూ ఇలాగే మాట్లాడలేదు. ఒప్పుకున్నానన్నారు" అంది మొగుడితో.

అంతే, రత్నం సంచిలోకి చెయ్యి పెట్టి లైటు తీసింది, స్వెట్టరు వేసుకుంది, కుర్చీ ముందున్న టీ ఒక్క గుక్కలో తాగేసింది. ఇక ముందెవరూ నంబరడక్కుండా సంచికున్న అట్టచీటీ విప్పి తన మెడలో కట్టుకుంది. లైటు వెలిగింది. ఘాట్ కింద చీకట్లోకి ఆ చిన్న వెలుగు మిణుగురు పురుగులా జారిపోతుంటే వరండా బయట తడుస్తున్నవాళ్ళు కూడా ఈలలు వేశారు.

మర్నాడు సాయంత్రం గోదావరి ఒడ్డున ముగ్గు గీత గీసి, మాస్టారు గడియారం చేతపట్టుకుని నిలబడ్డారు. మనుషులంతా వచ్చేశాక సామాన్లు ఇళ్ళకి చేర్చెయ్యమని బుర్రా వారికి ముందే చెప్పి ఉంచారు. గవర్రాజు వ్యానులోకి తొంగి చూశాడు. మనుషులంతా వచ్చేసి కూర్చునే ఉన్నారు. ఇంకేముంది, ఎవరి ఇళ్ళకి వాళ్ళని చేర్చడం మొదలెట్టారు. రత్నం ఆఖరి మలుపు తిరిగి, ఇంకా వెలుతురుండగానే గీత దాటి, మాస్టారి చేత పతకం వేయించుకుని, ఆయన జీపెక్కమన్నా ఎక్కకుండా సైకిలు మీదే ఇంటిదారి పట్టేసరికి, ఆవిడ సంచి గానుగ వీధికి చేరిపోయింది.

దాన్ని రత్నం గుమ్మం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మంగాయమ్మ బొట్టు పెట్టింది. గవర్రాజు వీధంతా వినబడేలా చెప్పాడు.

"రత్నం వచ్చేసిందండోయ్. మా వ్యానులోనే తీసుకొచ్చాం. దారంతా కూర్చునే వచ్చింది, పాపం, కాలు కదపలేదు."

ఎదురింట్లోంచి సూరమ్మ నవ్వుకుంటూ బయటికొచ్చింది. ఈసారీ వ్యానేనా అంది. వీధంతా నవ్వింది. నవ్వు ఇంకా ఆగకుండానే వీధి మొగలో సైకిలు బెల్లు మోగింది. రత్నం తొక్కుకుంటూ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద, మెడలో పతకం, పతకం పక్కన అట్టచీటీ. సైకిలు గోడకి ఆనించి, సూరమ్మ వైపు ఒక్కసారి చూసి, తన గుమ్మం మెట్టు మీద కూర్చుంది. ఎంత నోరున్న మనిషైనా కళ్ళతో చూసింది కాదనలేదు గదా. సూరమ్మ హారతి తెస్తానుండండర్రా అని లోపలికి వెళ్ళింది. నువ్వు పువ్వులు తే, నువ్వు నీళ్ళు తే అని వీధంతా తలో ఇంట్లోకి పరుగెత్తింది.

రత్నం తల గోడకి ఆనింది. కళ్ళు మూతపడ్డాయి. రాజమండ్రి అంతా గోదావరిలోకి కొట్టుకుపోయినా తెలియనంత నిద్ర.

అబ్బులు ఆవిడ మెడలో చీటీ చూశాడు. చదివాడు. నలభై ఏడు, మారేడుమిల్లి.

"అన్నయ్యా, ఇక్కడో సామాను వదిలేశాం."

గవర్రాజు వంగి తనూ చదివాడు. చీటీ కట్టి ఉన్న ప్రతీదీ మన బాధ్యతన్నారు మాస్టారు. మారేడుమిల్లిలో దింపాల్సింది గానుగ వీధిలో పడుంది. మంగాయమ్మ కాళ్ళు పట్టుకుంది, అన్నదమ్ములు చేతులు పట్టుకున్నారు. ఇది మనిషి కాదు గనక సీట్లో కూర్చోబెట్టలేదు. వెనక పడుకోబెట్టి, తడవకుండా పట్టా కప్పారు.

సూరమ్మ పళ్ళెంలో కర్పూరం వెలిగించుకుని, వెనక వీధి వీధంతా పువ్వులు పట్టుకుని బయటికొచ్చేసరికి, కుర్చీలో సంచి ఒక్కటే బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంది. రత్నాన్ని ఎక్కించుకుని వ్యాను అప్పుడే మారేడుమిల్లి దారి పట్టింది.